పారబోయరాదు

"చేతులు కడుక్కున్నావా?"

పదహారేళ్ళుగా మా అత్తయ్య నన్ను పలకరించే మాట ఇదే. వచ్చావా అని కాదు, తిన్నావా అని కాదు. ఆసుపత్రి నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే లోపలి గదిలోంచి ఆ ప్రశ్న వచ్చేది. పెరటి కుళాయి దగ్గర నాకో ఎర్ర సబ్బు, మేకుకి తగిలించి నాదంటూ ఒక తువ్వాలు. ఇంట్లోవాళ్ళ సబ్బు వేరు, అది లోపలుంటుంది. నేను ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ని. రక్తం, చీము, మూత్రం, కఫం, జనం ముక్కు మూసుకునేవన్నీ మా బల్ల మీదికి వస్తాయి. వాటిలో ఏ క్రిమి ఉందో మూతలున్న చిన్న ప్లేట్లలో పెంచి, చూసి, చెప్పడం నా పని. కోడలికి ఉద్యోగం ఉందని పెళ్ళికి ముందు నలుగురికీ గొప్పగా చెప్పుకున్న అత్తయ్యే, ఆ ఉద్యోగంలో ఏం ముట్టుకుంటానో తెలిశాక నా చేతుల్ని నమ్మడం మానేసింది. మా అమ్మాయి మూడు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు నేను ఇంటికొచ్చేసరికి ఆకలికి గుక్కపట్టి ఏడుస్తూ ఉండేది. పాలు చేపుకొచ్చి బట్టలు తడిసిపోతున్నా సరే, తలస్నానం చేసి వస్తేగాని అత్తయ్య బిడ్డని నా చేతికిచ్చేది కాదు. ఆ నీళ్ళు పోసుకుంటూ నేనూ ఏడ్చేదాన్ని. స్నానాల గదికి ఆ సుఖం ఒకటుంది, ఏడ్చినా ఎవరికీ తెలీదు.

మా ఆయనదీ అదే ఆసుపత్రి. మందులూ, సీసాలూ, దూదీ, గ్లవ్సులూ ఏ వార్డుకి ఎన్ని వెళ్ళాలో తేల్చే స్టోర్స్ ఆఫీసరు. రోజూ ఒకే బండి మీద వెళ్ళి ఒకే బండి మీద వస్తాం. ఆయన బండికి స్టాండు వేసి నేరుగా లోపలికి వెళ్ళి, అమ్మ మంచం మీద కూర్చుని, ఆవిడ ప్లేటులోంచే ఓ ముక్క తీసి నోట్లో వేసుకునేవారు. నేను పెరట్లో మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ ఆ నవ్వులు వినేదాన్ని. ఆయన్ని ఏనాడూ ఎవరూ చేతులు కడుక్కున్నావా అని అడగలేదు. నేనూ అడగలేదు. ఎందుకడగలేదా అని ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆయనకి ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకటే సూత్రం. మిగిలింది పారబోయకు. సబ్బు నీళ్ళ సీసా అడుగంటుతుంటే అందులోనే ఇన్ని నీళ్ళు పోసి గిలక్కొడతారు. నూనె డబ్బా ఖాళీ చేసి కడిగిన పాపాన పోలేదు, అడుగున ఏముందో చూడకుండా పైనుంచి కొత్త నూనె పోయడమే. నిన్నటి కూర గిన్నెలోకే ఇవాళ్టి కూర వంచమంటారు. "మా వాడు మెతుకు కూడా వృథా పోనివ్వడు" అని అత్తయ్య మురిసిపోయేది, ఎందుకంటే ఆ సూత్రం నేర్పింది ఆవిడే. ఆ వృథా పోని మెతుకులన్నీ ఎవరి కడుపులోకి పోతున్నాయో ఎవరూ అడగలేదు. తల్లీకొడుకులు వేడివేడిగా తిని లేచాక గిన్నె అడుగున మిగిలినది నా కంచంలోకి వచ్చేది. ఆసుపత్రిలో ఆయన్ని చాటుగా 'పొదుపు సారు' అంటారు. ఎదురుగా మాత్రం దండాలు పెడతారు.

ఇక అసలు సంగతి. మొదటి ప్లేటు పెరిగిన రోజు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ రోజు మా వదినా వాళ్ళు భోజనానికి వస్తున్నారు. వదిన అంటే మా ఆయన అక్కయ్య. సర్జరీ వార్డులో పిత్తాశయం ఆపరేషనైన ఒకావిడకి నాలుగో రోజు చలిజ్వరం పట్టుకుందని రక్తం పంపారు. ముప్ఫై నాలుగేళ్ళు, బట్టలు కుట్టే పని. రెండు చేతుల నుంచీ రెండు సీసాల రక్తం పంపాలి, ఒకటే పంపారు. మామూలు క్రిములైతే మర్నాటికే ప్లేటు నిండా పెరుగుతాయి. ఇది మూడు రోజులు నాన్చి, సన్నగా, పాలిపోయిన చుక్కల్లా వచ్చింది. మూత తీస్తే తడిమట్టి వాసన. పదిహేడేళ్ళ సర్వీసులో అలాంటి వాసన నేను చూడలేదు. పట్టుకెళ్ళి మా ల్యాబు హెడ్డుకి చూపించాను. మేడమ్ కళ్ళజోడు పైకెత్తి ఒక్క క్షణం చూసింది.

"నీళ్ళల్లో బతికేదేదో పడి ఉంటుంది. కంటామినేషన్. అలాగే రాసి, మళ్ళీ రక్తం పంపమను."

కంటామినేషన్ అంటే, ఆ క్రిమి రోగి ఒంట్లోది కాదు, రక్తం తీసేటప్పుడో ఇక్కడో పొరపాటున పడిందని. నూటికి తొంభైసార్లు మేడమ్ మాటే నిజమవుతుంది. అయినా నాకు మనసొప్పలేదు. ఇంకో పరీక్ష పెడదామనుకున్నాను. ఓ అరగంట ఉంటే సరిపోయేది. అప్పుడే ఫోను. "అక్కయ్యా వాళ్ళు బయల్దేరారట. నువ్వింకా ఆ కుళ్ళులోనే కూర్చున్నావా? ఈ వయసులో అమ్మ ఒక్కతే పొయ్యి దగ్గర నిలబడాలా?" ఆయన గొంతులో కోపం కూడా లేదు, విసుగే. కోపానికైతే జవాబు చెప్పొచ్చు. నేను రిజిస్టరులో 'కలుషితం' అని రాసి, ప్లేటుని చెత్తసంచిలో పడేసి, ఇంటికి పరిగెత్తాను. వార్డువాళ్ళు రెండో రక్తం పంపలేదు. నాలుగు రోజులకి ఆ కుట్టుపనావిడ చనిపోయింది. ఆపరేషను వికటించి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రోజు భోజనాల దగ్గర కూరలో ఉప్పు తక్కువైందని వదిన అన్న మాట కూడా నాకు గుర్తుంది.

రెండు వారాలు తిరక్కుండానే అత్తయ్య స్నానాల గదిలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. మా ఆసుపత్రిలోనే, అదే సర్జరీ వార్డులో ఆపరేషను చేశారు. ఇక చూడాలి నా పరుగు. పొద్దున్నే ఇంట్లో వండి డబ్బాలు సర్ది, డ్యూటీకి గంట ముందు వార్డుకి వెళ్ళి ఆవిడకి ఒళ్ళు తుడిచి బట్టలు మార్చి, జుట్టు దువ్వి, బెడ్‌ప్యాను కడిగి, మెట్లు దిగి ల్యాబుకి. మధ్యాహ్నం నా భోజనం టైములో మళ్ళీ మెట్లెక్కి ఆవిడకి తినిపించడం. సాయంత్రం మళ్ళీ. వదిన రోజు విడిచి రోజు పళ్ళ సంచితో వచ్చి, కుర్చీలో కూర్చుని, "దిండు ఇంకాస్త ఎత్తు, అమ్మ మెడ చూడు" అని చెప్పి వెళ్ళేది. మా ఆయన ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని రోజుకోసారి వచ్చి, అమ్మ నుదురు నిమిరి, పది నిమిషాలు కూర్చునేవారు. చుట్టుపక్కల మంచాలవాళ్ళు ఎంత మంచి కొడుకో అనేవారు. బెడ్‌ప్యాను చేతిలో పట్టుకుని నేనూ ఆ మాట వినేదాన్ని. ఒళ్ళు తుడవడానికి వెళ్ళిన ప్రతిసారీ అత్తయ్య కళ్ళు మూసుకునే అడిగేది. "చేతులు కడుక్కున్నావా?"

ఐదో రోజు ఆవిడకి జ్వరం వచ్చింది. వణుకు. మంచం ఇనుప కమ్మీలు చప్పుడయ్యేంత వణుకు. అదే వార్డులో మగవాళ్ళ వైపు కాలి పుండుతో ఉన్న బస్సు డ్రైవరుకీ అదే రోజు అదే జ్వరం. ఈసారి రెండు చేతుల నుంచీ రక్తం నేనే దగ్గరుండి తీయించాను. నేను సీసాల మీద చీటీలు అంటిస్తుంటే వదిన నా వైపే చూస్తోంది.

"ఏమీ అనుకోకు, ఉన్న మాట అంటున్నాను. అక్కడ ఆ పురుగులన్నీ కెలికి ఆ చేతులతోనే కదా అమ్మకి తినిపిస్తున్నావ్. నువ్వే అంటించి ఉంటావ్."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఫ్లాస్కు మూత బిగిస్తున్నారు. బిగించినదాన్నే మళ్ళీ బిగించి, నాతో మెల్లగా, ఎంతో మర్యాదగా అన్నారు. "కొన్నాళ్ళు నువ్వు అమ్మ దగ్గరికి రాకు. పనికి ఆయమ్మ ఉంది కదా."

సిగ్గు విడిచి చెప్తున్నాను, నేనూ నమ్మాను. పదహారేళ్ళు రోజూ ఒకటే మాట వింటే ఎంతటివాళ్ళకైనా అది ఒంటికి పట్టేస్తుంది. ఎక్కడైనా గ్లవ్సు చిరిగిందా, ఏ పూటైనా తొందరలో సరిగ్గా కడుక్కోలేదా అని ప్రతి రోజునీ తిరగేసి వెతుక్కున్నాను. చేతులు కడిగి, మళ్ళీ కడిగి, వేళ్ళ సందులు పగిలి నెత్తురు కనిపించేదాకా కడిగాను. నా చేతులే ఆవిడని చంపుతాయేమోనన్న భయం ఒకపక్క. ఆవిడ చచ్చిపోతే ఇక జన్మంతా ఆ నింద మొయ్యాలే అన్న స్వార్థం ఇంకోపక్క. రెండూ నావే.

మూడో రోజు ప్లేటు మూత తీశాను. తడిమట్టి వాసన.

మిగతా మూడు మూతలూ తీశాను. అత్తయ్య రెండు సీసాల్లోనూ అదే, డ్రైవరు రెండు సీసాల్లోనూ అదే. ఒక సీసాలో వస్తే పొరపాటు, నాలుగింటిలో వస్తే పొరపాటెలా అవుతుంది? ఈసారి ఎవరినీ అడగలేదు. చెయ్యాల్సిన పరీక్షలన్నీ పెట్టాను. ప్లేటు నిండా క్రిమిని పూసి, మందులో తడిపి ఆరబెట్టిన చిన్న కాగితం బిళ్ళలు దాని మీద పేరుస్తాం. మందు పని చేస్తే మర్నాటికి ఆ బిళ్ళ చుట్టూ క్రిమి పెరగక గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. అత్తయ్యకి ఇక దీన్ని మించింది లేదంటూ ఎక్కిస్తున్న పెద్ద మందులో తడిపిన బిళ్ళ చుట్టూ సూదిమోపినంత ఖాళీ కూడా లేదు. ఆ మందు మధ్యలోనే క్రిమి హాయిగా పెరిగింది. పక్కన, ఎప్పటిదో, ఎవరూ లెక్కచెయ్యని పాత మందు బిళ్ళ చుట్టూ మాత్రం ఇంత వెడల్పున ఖాళీ. ఆ క్రిమి పేరు బర్ఖోల్డేరియా. పుస్తకంలో ఎప్పుడో చదివాను. దాన్ని మొదట గుర్తుపట్టింది మనుషుల్లో కాదట, కుళ్ళిన ఉల్లిపాయల్లో. మట్టిలో, నీళ్ళల్లో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ జోలికి సాధారణంగా రాదు. కోతలతో, గొట్టాలతో నీరసంగా పడి ఉన్నవాళ్ళని చూసి పట్టుకుంటుంది. దాని ప్రతాపమంతా బలహీనుల మీదే. అలాంటి మనుషులు నాకు చాలామంది తెలుసు.

ప్లేటు పట్టుకుని మేడమ్ గదిలోకి నడిచాను. ఆవిడ ఈసారి కళ్ళజోడు తీసి పక్కనపెట్టి చూసింది. మారుమాట లేకుండా వార్డు డాక్టరుకి ఫోను చేసి ఇద్దరికీ మందు మార్పించింది. ఆవిడ చదువుని నేను ఏనాడూ తక్కువ చెయ్యను. చెడ్డ మనిషి కాదు. కానీ ఫోను పెట్టేశాక, "మొన్న మనం పారేసిన ప్లేటు కూడా ఇదే కదా మేడమ్" అంటే మాత్రం కిటికీ వైపు తిరిగింది.

మందు మారింది సరే, ఇది ఎక్కడి నుంచి వస్తోంది? ముందుగా నా చేతుల నుంచే మొదలుపెట్టాను. తడి దూదిపుల్లతో నా అరచేతులూ, గోళ్ళ సందులూ రుద్ది ప్లేటు మీద పూశాను. తర్వాత వార్డుకి వెళ్ళి కుళాయి నీళ్ళు తీసుకున్నాను. సర్జరీ వార్డులో మంచాలు తుడిచి, ట్రాలీ సర్దే ఆయమ్మ తన చేతులు కూడా తనే చాపింది. "నావీ రుద్దుకోమ్మా, నాకేం భయం" అంది. యాభై ఏళ్ళుంటాయి, కాంట్రాక్టు మనిషి. మా అత్తయ్యని నా బదులు తనే చూసుకుంటోంది అప్పుడు.

"సూది గుచ్చే ముందు చర్మం దేంతో తుడుస్తారు ఆయమ్మా?"

"దీంతోనే." ట్రాలీ మీది లేత గులాబీరంగు మందునీళ్ళ బాటిల్ చేతికిచ్చింది. క్రిములు చావాలని వాడేదే అది. గాఢమైన మందుని నీళ్ళతో కలిపి వార్డు బాటిళ్ళలో పోస్తారు. వెలుతురుకి ఎత్తి వంచి చూశాను. అడుగున సన్నగా, జిగటగా, పాచి పట్టినట్టు ఒక పొర.

"ఇది ఎన్నాళ్ళకోసారి పారబోసి కడుగుతారు?"

"ఇదివరకు వారానికోసారి పారబోసి, ఉడికించి, కొత్తది పోసేవాళ్ళం. ఇప్పుడు పారబోయకూడదంట కదా. ఎంతుంటే దాని మీదే నింపాలంట." ఆయమ్మ నా మొహంలోకి చూసి నీళ్ళు నమిలింది. "మీ సారే కదమ్మా పెట్టించింది."

ట్రాలీ వెనక గోడకి ఒక అట్టముక్క. దాని మీద అతికించిన కాగితం. 'మిగిలిన ద్రావణం పారబోయరాదు. దానిపైనే నింపవలెను.' కింద స్టోర్స్ ముద్ర, మా ఆయన సంతకం, పక్కన సూపరింటెండెంటు సంతకం. తేదీ చూశాను. కుట్టుపనావిడ ఆ వార్డులో చేరడానికి నెల ముందుది. ఆ చేతిరాత నాకు తెలుసు. మా ఇంట్లో సబ్బు నీళ్ళ సీసా మీదా అదే రాత ఉంటుంది.

రెండు రోజులు ఆగాలి, అది పెరగాలిగా. ఈలోగా అత్తయ్య జ్వరం దిగింది. మూడో రోజు ప్లేట్లు తీస్తే, ఆయమ్మ చేతుల ప్లేటులో చర్మం మీద అందరికీ ఉండేవే రెండు మూడు చుక్కలు. కుళాయి నీళ్ళలో ఏమీ లేదు. నా చేతుల ప్లేటు ఖాళీ. పదహారేళ్ళ ఎర్రసబ్బుకి దక్కిన సర్టిఫికెట్టు అనుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. బాటిల్ ప్లేటు మాత్రం అంచుదాకా నిండిపోయి ఉంది. కంచే చేను మేసింది.

మేడమ్ నన్ను పిలిచి, ఎన్నడూ లేనిది, కూర్చోమంది.

"బాటిల్ సంగతి నువ్వు పట్టుకున్నది నిజమే. ఆ వార్డులో బాటిళ్ళు పారబోయించేశాను. అక్కడితో వదిలెయ్. ఆ ఆర్డరు మీద సూపరింటెండెంటు సంతకం కూడా ఉంది, చూశావుగా. సోమవారం ఈ జ్వరాల మీద వేసిన కమిటీకి నీ రిపోర్టు కావాలి. ఆయమ్మ చేతుల శుభ్రత లేకపోవడం వల్ల అని రాయి."

"ఆయమ్మ చేతుల మీద ఏమీ పెరగలేదు మేడమ్."

"తెలుసు."

"మిగతా వార్డుల్లో ఆ అట్టలు అలాగే ఉన్నాయి. అవి తీయకపోతే..."

"ఈ కుర్చీలోకి రావడానికి నేను ఇలాంటివి ఎన్ని రాశాననుకుంటున్నావ్?" అంది ఆవిడ. గొంతులో బెదిరింపు లేదు, అలసట ఉంది. "నీ మంచికే చెప్తున్నాను. ఆ ఆర్డరు ఎవరిదో నాకంటే నీకే బాగా తెలుసు."

ఆదివారం మధ్యాహ్నం మా ఆయనకి అన్నం వడ్డిస్తుంటే ఆయనే ఎత్తారు మాట. విషయం అప్పటికే ఆయన దాకా వచ్చేసింది.

"మేడమ్ చెప్పినట్టు రాసిచ్చెయ్. నువ్వు రాసే ఒక్క లైనుతో నా ఇరవయ్యేళ్ళ సర్వీసు బూడిదలో పోసిన పన్నీరవుతుంది."

"ఆయమ్మ ఏమవుతుంది?"

"ఆమెకేం, ఇంకో చోట దొరుకుతుంది. చీపురు పట్టేవాళ్ళకి పనిలేకపోవడం ఉంటుందా? నా సంగతి అలా కాదు."

"అత్తయ్య చావు దాకా వెళ్ళొచ్చింది."

"వచ్చేసింది కదా. ఇంకేం?"

"కుట్టుపనావిడ రాలేదు."

"ఎవరావిడ?" అన్నారు కూర కలుపుకుంటూ. ఆయనకి నిజంగానే తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేశాను.

"నా చేతుల వల్లే మీ అమ్మకి జ్వరమొచ్చిందని మీ అక్కయ్య అన్నారు. మీరు పక్కనే ఉన్నారు. ఒక్క మాట అనలేదు."

"అబ్బా, ఇంట్లో మాట ఇంట్లోనే పోతుంది. కాగితం మీద మాట అలా పోదు. అర్థం చేసుకో." గొంతు తగ్గించి అన్నారు. "మొగుడి మీద రిపోర్టు రాసిన ఆడది అని లోకం నిన్నే అంటుంది, నన్ను కాదు."

అది మాత్రం నిజం. కాదనడానికి లేదు. లోకం సంగతి ఆయనకి బాగా తెలుసు. కానీ ఇంట్లో మాట ఇంట్లోనే పోతుందన్నారే, అది ఎక్కడికి పోయిందో నేను ఆలోచించాను. ఎక్కడికీ పోలేదు. ఉప్పు తక్కువైందన్న మాట, ఆ కుళ్ళులోనే కూర్చున్నావా అన్న మాట, బిడ్డని ముట్టుకోకు అన్న మాట, అమ్మ దగ్గరికి రాకు అన్న మాట, ఒక్కటీ పోలేదు. నన్ను ఏనాడూ ఖాళీ చెయ్యనివ్వలేదు, కడగనివ్వలేదు. ఉన్నదాని మీదే ఇంకా ఇంకా పోశారు. పైకి గులాబీరంగులో బాగానే కనపడ్డాను.

ఆయన చెయ్యి కడుక్కుని లేస్తూ, అలవాటు కొద్దీ గిన్నెలోకి తొంగిచూసి, "కూర మిగిలింది, పారబోయకు" అన్నారు. ఆయన గదిలోకి వెళ్ళాక నేను ఆ గిన్నె పెరట్లోకి తీసుకెళ్ళి పారబోశాను. పెళ్ళయ్యాక మొదటిసారి. గిన్నె అడుగు గీకి, తోమి, ఎండలో బోర్లించాను. తర్వాత నాకు కావలసినంత వేడిగా వండుకుని కూర్చుని తిన్నాను.

సోమవారం అందరికంటే ముందు ల్యాబుకి వెళ్ళాను. పాత రిజిస్టరు తీసి కుట్టుపనావిడ పేజీ వెతికాను. 'కలుషితం' అన్న నా రాత చూస్తే, ఆ సాయంత్రం ఎంత తొందరలో రాశానో అక్షరాల్లోనే తెలుస్తోంది. దాని మీద అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన రాశాను: 'ఇది కలుషితం కాకపోవచ్చు. తర్వాతి ఇద్దరు రోగుల్లో పెరిగిన క్రిమి లక్షణాలే ఇందులోనూ కనిపించాయి. పరీక్ష పూర్తిచేయకుండా ప్లేటు పారేసింది నేను.' తేదీ వేసి పూర్తి సంతకం చేశాను. ఈసారి రాత బాగానే వచ్చింది. ఆవిడకి పిల్లలున్నారో లేదో నాకు తెలీదు. తెలుసుకుని ఏం చేస్తాను? పారబోయాల్సినది ఆయన దాచిపెట్టించారు, దాచాల్సినది నేను పారేశాను. ఆవిడ విషయంలో మా ఆలుమగలిద్దరిదీ చెరిసగం.

తర్వాత రిపోర్టు. క్రిమి పేరు, ఎవరెవరిలో పెరిగింది, ఎవరెవరి చేతుల మీద పెరగలేదు, ఏ బాటిల్లో పెరిగింది. 'కారణం' అన్న గడిలో, బాటిళ్ళు ఖాళీ చేసి కడగకుండా మిగిలినదానిపైనే నింపడం అని రాసి, స్టోర్స్ ఆర్డరు తేదీ రాసి, అన్ని వార్డుల్లోనూ వెంటనే ఆపాలని రాశాను. ఎప్పుడూ మేడమ్ సంతకం కింద మూల నా పొడి అక్షరాలుండేవి. ఈసారి నా సంతకమే పెట్టి, కమిటీ గుమాస్తాకి స్వయంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని, నకలు మేడమ్ బల్ల మీద పెట్టాను. ఆవిడ చదివింది. నన్ను చూడలేదు, కాగితం చింపనూలేదు. ఆరుసార్లు మా ఆయన ఫోను. ఎత్తలేదు.

మెట్లెక్కి వార్డుకి వెళ్ళాను. నన్ను రావద్దని పన్నెండు రోజులైంది. అత్తయ్య దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. సగమైపోయింది మనిషి. నన్ను చూడగానే అడిగింది.

"మీ వదిన అన్నది నిజమేనా? నీ చేతుల్నించేనా నాకు?"

"కాదు అత్తయ్యా. నా చేతులు పరీక్ష చేశాను. ఏమీ లేదు." కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం చెప్పాను. బాటిల్ గురించి, అడుగున జిగట గురించి, ఆవిడకంటే ముందు ఈ వార్డులోనే పోయిన కుట్టుపనావిడ గురించి. "మిగిలింది పారబోయకుండా దాని మీదే నింపమని ఆర్డరు. రాసింది మీ అబ్బాయి. ఇప్పుడే నేను కమిటీకి అదే రాసిచ్చి వస్తున్నాను."

తిడుతుందనుకున్నాను. ఎదురుచూశాను కూడా. ఆవిడ దుప్పటి అంచు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"వాడికి అది నేర్పింది నేనే" అంది చివరికి. తర్వాత ఆవిడ చూపు నా వేళ్ళ మీద ఆగింది. "అవేంటి, అలా పగిలాయి?"

"కడిగి కడిగి."

ఇంకేమైనా అనేదేమో. ఇంతలో తలుపు దగ్గర అలికిడైంది. మా ఆయన. చేతిలో ఫ్లాస్కు, మొహం కందిపోయి ఉంది. కమిటీ గదిలోంచే వచ్చి ఉంటారు. నన్ను కళ్ళతోనే కాల్చేస్తూ, నలుగురి ముందూ ఏమీ అనలేక, ఎప్పటిలాగే నేరుగా మంచం దగ్గరికి వచ్చి, అమ్మ నుదురు నిమరడానికి చెయ్యి చాపారు.

అత్తయ్య మొహం పక్కకి తిప్పుకుంది.

"చేతులు కడుక్కున్నావురా?"

ఆయన అర్థం కానట్టు అమ్మని చూశారు, నన్ను చూశారు. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కుళాయి ఎటుందో నేను చూపించాను.